రికవరీ రూములో గేదె

ఆపరేషన్ అయిన రోగి కళ్ళు తెరవగానే కనిపించే సీలింగులో, సరిగ్గా నడిమి మంచం పైన, ఒక గేదె ఉంది.

పొద్దున్నే ఫోన్ చేసి ఈ మాట చెప్పింది సీలింగు మేస్త్రి. నేనప్పుడు పళ్ళు తోముకుంటున్నాను.

"గేదె ఏంటి మేస్త్రీ?"

"గేదె అంటే గేదేనమ్మా. కొమ్ములు, చెవులు, ముట్టె. నీళ్ళలో పడుకుని తల ఒక్కటి పైకి పెట్టినట్టుంది."

"నిన్న సాయంత్రం లేదుగా?"

"నిన్న నేను నిచ్చెన మీదున్నా. మూతి ఆనించుకుని చూస్తే ఏం కనిపిస్తుంది? ఇవాళ కాసేపు నడుం వాలుద్దామని ఇక్కడున్న స్ట్రెచర్ ఎక్కా. కళ్ళెత్తితే అది నన్నే చూస్తోంది."

నోట్లో నురగ ఉండగానే తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు. గేదెనే అయ్యుంటుంది.

నేను చేసేవి ఫ్రాక్టల్ బొమ్మలు. చేత్తో గీసేదేమీ ఉండదు. కంప్యూటరుకి ఒక చిన్న లెక్క ఇస్తాను. వచ్చిన జవాబుని అది మళ్ళీ అదే లెక్కలో వేస్తుంది, ఆ వచ్చినదాన్ని మళ్ళీ వేస్తుంది. మనిషికైతే పిచ్చెక్కుతుంది, దానికి విసుగు లేదు. ఒక్కో చుక్క ఎటు తేలిందో చూసి దానికో రంగు వేస్తుంది. చివరికి సుడులు, సుడుల అంచున చిన్న సుడులు, వాటి అంచున ఇంకా చిన్నవి. ఎంత దగ్గరికెళ్ళి చూసినా అదే తీరు. అంకెలు మార్చడం, రంగులు ఎంచడం, ఎక్కడ కత్తిరించాలో చూసుకోవడం నా పని. ఇంతవరకూ నా బొమ్మలు కాఫీ కప్పుల మీదా పుస్తకాల అట్టల మీదా పడ్డాయి. ఒక గది గదంతా నాకు అప్పజెప్పడం ఇదే మొదలు.

ఆ గది పెద్దాసుపత్రిలో రికవరీ రూము. అప్పజెప్పింది అక్కడి మత్తు డాక్టరుగారు. ఆవిడ మాట్లాడితే ఎదుటివాళ్ళకి సగం మత్తు అక్కడే దిగిపోతుంది.

"మత్తు వదిలేటప్పుడు మనిషి బుర్ర సగం నిద్రలో ఉంటుందమ్మా. ఇదివరకు ఇక్కడ మబ్బుల బొమ్మ వేయించాం. ఒకాయనకి అందులో మొసలి కనిపించింది. సెలైను సూది పీక్కుని, మంచం దిగిపోయి, నర్సు వెనక దాక్కున్నాడు. కుట్లు ఊడాయి. అందుకని నాకు కళ్ళకి చల్లగా ఉండే బొమ్మ కావాలి, అందులో ఏమీ ఉండకూడదు. జంతువు వద్దు, పురుగు వద్దు, ముఖం అసలే వద్దు. పని అయ్యాక నేనే వచ్చి, రోగి పడుకున్నట్టు పడుకుని చూస్తా. ఒక్కటి కనిపించినా తీయించేసి సున్నం కొట్టిస్తా. ఆ తర్వాత మీకు ఏ ఆసుపత్రిలోనూ పని దొరకదు. నన్ను అడక్కుండా ఎవరూ ఇవ్వరు."

"లెక్కతో పుట్టిన బొమ్మలో జంతువులు ఎలా ఉంటాయి డాక్టరుగారూ?" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

ఎలా ఉంటాయా! సుడి ఒకటి ఉంటే నత్త. రెండు పక్కపక్కన ఉంటే గుడ్లగూబ. అంచు వంకర తిరిగితే సముద్రపు గుర్రం. తోక ఉందనుకుంటే కోతి, లేదనుకుంటే ఎలుగుబంటి. లెక్కకి జంతువుల సంగతి తెలీదు, నిజమే. చూసే కళ్ళకి తెలుసుగా. వాటిని ఆపడం ఎవరి తరం?

అందుకని మా ఇంట్లో వేట మొదలైంది. కొత్త బొమ్మ తయారవగానే దాన్ని పెద్దగా ప్రింటు తీయించి ముందుగది గోడకి తగిలించేదాన్ని. ఇంట్లో అందరూ చూడాలి. ఎక్కడ ఏ జంతువు కనిపించినా అక్కడో ఎర్ర స్టిక్కరు అంటించాలి. ఒకే చోట ఇద్దరికి ఒకే జంతువు కనిపిస్తే ఆ బొమ్మ చెత్తబుట్టకి. ఒక్కరికే కనిపిస్తే అది వాళ్ళ బుర్రలో పుట్టిన జంతువు, మన పూచీ లేదు.

నియమం బాగానే ఉంది. మనుషులతోనే వచ్చింది తంటా.

మా ఆయనకి కళ్ళద్దాల షాపు. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తాడు. ఇంటికొచ్చాక ఆయన కళ్ళకి ఏమీ కనిపించదు. "నాకు కర్టెన్ గుడ్డలా ఉంది" అనేవాడు, ఏ బొమ్మ చూపించినా. మా అత్తయ్యకి చాలావాటిల్లో చిలకలే. ఇక మా మామయ్య రిటైరైన పశువుల డాక్టరు. నడుములో పూస జారి, ముందుగదిలో గోడ పక్కన మంచం వేయించుకుని రోజంతా దాని మీదే ఉంటున్నాడు. ఆయనకి జంతువు కనిపించడంతో అయిపోదు, దాని ఆరోగ్యం కూడా కనిపిస్తుంది.

"ఇది మేకపోతు అమ్మాయ్. ఎడమ ముందుకాలు వాచింది చూడు. గిట్ట చెడింది."

"మేకపోతు ఎక్కడండీ, రామచిలక అయితేనూ!" అనేది అత్తయ్య.

"చిలకకి గిట్టలుంటాయటే?"

"మీకు గిట్టలు కనిపించాయి, నాకు ముక్కు కనిపించింది. ఎప్పుడూ కిందికే కదా మీ చూపు."

"నీ ముక్కు మీద ఉండే కోపం దూరానికే కనిపిస్తుంది. దానికి వేరే బొమ్మెందుకు?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది నన్ను కోడలిగా తెచ్చుకునే విషయంలో ఒక్కటే. ఆ మాట కూడా ఈమధ్య కాస్త సడలినట్టుంది. అలాంటిది నా బొమ్మల దగ్గర మాత్రం ఏ క్షణాన కలిసేవారో తెలీదు, కలిశారంటే నా వారం రోజుల కష్టం చెత్తబుట్టలో. మొదటి బొమ్మలో ఇద్దరికీ గుడ్లగూబే కనిపించింది. తర్వాతి దాంట్లో కప్ప. ఇంకోదాంట్లో, ఆశ్చర్యం, ఉడుము. ఉడుము మీద ఇద్దరు మనుషులు ఏకాభిప్రాయానికి రావడం నేనెక్కడా వినలేదు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. అంకె మార్చడం, రంగు మార్చడం, ప్రింటు, గోడ, స్టిక్కర్లు, చెత్తబుట్ట. కాఫీ ఒలికితే అందులో కుందేలు. తడిగుడ్డ ఆరేస్తే దాంట్లో నక్క. మా ఆయన దిండు మీద తల పెడితే ఆ ముడతల్లో పంది. ఆ మాట ఆయనతో అనకుండా ఉండాల్సింది.

చివరికి ఒక బొమ్మ గట్టెక్కింది. లేత నీలం, ఆకుపచ్చ, మధ్యలో బూడిదరంగు నీడలు. అత్తయ్య అలవాటు ప్రకారం ఒక చిలకని అంటించింది. మా ఆయన కర్టెన్ గుడ్డ అన్నాడు. మామయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి, గోడ వైపు చాలాసేపు చూశాడు. చేతిలో స్టిక్కరుంది.

"ఏం లేదమ్మాయ్," అన్నాడు. "శుభ్రంగా ఉంది."

నేను ఆనందం పట్టలేక ఆయన కాళ్ళు నొక్కుతూ కూర్చున్నాను. అప్పుడే అనుమానం రావాల్సింది. మామయ్యకి ఏమీ కనిపించకపోవడమా? తన వెన్నుపూస ఎక్స్‌రేలో తొండ ఉందని ఎముకల డాక్టరుతో వాదించిన మనిషి!

ఆ బొమ్మని సీలింగు కొలతకి నాలుగు పెద్ద షీట్లుగా వేయించాను. అవి ముందు ఇంటికొచ్చాయి. ఒక్కోదాని వెనక గోధుమరంగు టేపు అంటించి, వరస అంకె వేసి, బాణం గీశాను. బాణం మంచాల తలవైపు ఉండాలని మేస్త్రికి చెప్పి మరీ ఆసుపత్రికి పంపించాను.

ఇప్పుడు గేదెట. మధ్యాహ్నానికల్లా డాక్టరుగారు వచ్చి పడుకుంటారు. మర్నాటి నుంచి గదిలో రోగులు. అందులో మా మామయ్య కూడా ఉన్నాడు, నడుం ఆపరేషన్‌కి. రక్తపరీక్షలకని మా ఆయన, అత్తయ్యా కలిసి ఆయన్ని ఆ పొద్దునే ఆసుపత్రికి తీసుకురావాలి. నేను వాళ్ళకోసం ఆగకుండా ఆటో పట్టుకున్నాను.

గదిలో అడుగుపెట్టగానే పైకి చూశాను. నీలం, పచ్చ, నీడలు, సుడులు. గేదె లేదు.

"మేస్త్రీ, ఏదీ?"

"నిలబడితే కనిపించదమ్మా. పడుకోవాలి."

స్ట్రెచర్ ఎక్కి పడుకున్నాను. ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం అది వచ్చేసింది. రెండు పెద్ద సుడులు, వెనక్కి తిరిగిన కొమ్ములు. వాటి కింద వేలాడే నీడలు, చెవులు. మధ్యలో పొడుగాటి బూడిదరంగు ముఖం, కింద తడిసిన ముక్కుపుటాలు. చూపు నా మీదే. ఎంతో ఓపికతో, నేను ఎప్పుడు లేస్తానా అన్నట్టు.

"ఇప్పుడు ఆ కొమ్ము చివర చూడండి," అన్నాడు మేస్త్రి, ఏదో తన సొంత ఆస్తి చూపిస్తున్నట్టు. "అక్కడ దీని దూడ ఉంది. ఆ దూడ కొమ్ము చివర ఇంకోటి. నేను కళ్ళజోడు పెట్టుకుని కూడా చూశా, ఇంకా ఉన్నాయి."

ఉంటాయి. ఫ్రాక్టల్‌లో ఏదీ ఒంటరిగా ఉండదు. పెద్దది ఉందంటే దాని నకళ్ళు అంచంతా ఉంటాయి. ఒక గేదె మీద రంగు పూసి కప్పేద్దామంటే మంద మొత్తానికి పూయాలి. అప్పుడు ఆ పూత మరకల్లో ఎవరికి ఏం కనిపిస్తుందో!

లాప్‌టాప్ తెరిచి బొమ్మని తలకిందులు చేశాను. అదే గేదె. మళ్ళీ నిలువుగా తిప్పాను. మాయమైంది. సంగతి అర్థమైంది. షీట్లు తిరగేసి బిగించారు.

"కొంప ముంచావు మేస్త్రీ! బాణం తలవైపు ఉండాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా!"

"నోరు జారకండమ్మా. బాణం ఎటుంటే అటే బిగించా. బిగించే ముందు ఫొటో కూడా తీసి పెట్టుకున్నా. మీలాంటివాళ్ళతో పని చేసీ చేసీ నేర్చుకున్నా."

ఫోను చేతికిచ్చాడు. షీట్ల వెనకవైపు తీసిన ఫొటో. అంకెలున్నాయి, బాణాలున్నాయి. కానీ అవి నా గోధుమరంగు టేపు మీద లేవు. తెల్లటి గుడ్డ ప్లాస్టరు మీద ఉన్నాయి. దెబ్బ తగిలితే వేసే ప్లాస్టరు. నా టేపు పీకేసి, అదే కొలతకి ప్లాస్టరు చింపి, నా దస్తూరీ చూసి అంకెలు దించి, బాణాల్ని అవతలి వైపుకి తిప్పేశారు. వరస కూడా తిరగేశారు. తలకిందులు చేసినా నాలుగు ముక్కలూ ఒకదానికొకటి అతికేలా! తెలిసి చేసిన పని ఇది. తీరిగ్గా చేసిన పని.

"ఈ ప్లాస్టరు చూసి నీకు అనుమానం రాలేదా?"

"ఆసుపత్రి పని కదా, ఆసుపత్రి టేపు వేశారనుకున్నా."

నెత్తి కొట్టుకున్నాను. "సరే, ఇప్పుడు ఊడదీసి తిప్పి బిగించలేమా?"

"లైట్లకి కన్నాలు కోసేశాగా. తిప్పితే లైట్లు ఒకవైపు, కన్నాలు ఇంకోవైపు. కొత్త షీట్లు తెప్పించుకోవాల్సిందే."

షీట్లు మా ఇంటి నుంచి వచ్చాయి. మధ్యలో ఇంకెక్కడా దిగలేదు. అంటే ఇది ఇంటిదొంగ పని. మా ఆయనకి ఫోన్ చేశాను.

"షీట్ల మీద ప్లాస్టరు నువ్వు అంటించావా?"

"నాకేం దెబ్బ తగల్లేదే," అన్నాడు.

"దెబ్బ సంగతి కాదు..."

"అయితే ఎవరికి తగిలింది?"

ఆ ఫోను నేల మీదేసి కొట్టాలనిపించింది. "రక్తపరీక్షలు కాగానే అందర్నీ తీసుకుని రికవరీ రూముకి రా," అని పెట్టేశాను.

వచ్చారు. ముందు అత్తయ్య, వెనక చక్రాల కుర్చీలో మామయ్య, ఆ కుర్చీ తోస్తూ మా ఆయన. మామయ్య మోచేతి మీద దూది ఉంది. తలుపు దాటగానే ఆయన పైకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. నడుం నొప్పేమో అనుకున్నాను.

సంగతంతా చెప్పాను. ఫొటో చూపించాను. "ఎవరు చేశారు?" అన్నాను.

అత్తయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "ఏం, నా మోకాలికి ప్లాస్టరు ఉందనా? ఇంట్లో ప్లాస్టరు నేనొక్కదాన్నే వాడతాననా? సూటిగా అడుగు, నేను దొంగనని."

"మిమ్మల్ని అనలేదత్తయ్యా, అందర్నీ అడుగుతున్నా."

"అందర్నీ అంటూ నా మోకాలు చూశావు. నేను చూశాను, నువ్వు చూడటం."

మా ఆయన వైపు తిరిగాను. "నువ్వు? ఇంకో బొమ్మ గోడకెక్కిందంటే షాపులోనే పడుకుంటానని అన్నావుగా."

"అన్నాను. బొమ్మ అయిపోయింది, సంతోషించాను. తిప్పి చెడగొడితే మళ్ళీ ఇంకో బొమ్మ చేస్తావు. నాకు పిచ్చా?"

అదీ నిజమే.

"అసలు గేదె ఎక్కడుంది?" అన్నాడు. "నాకు కర్టెన్..."

"పడుకో!" అని అరిచాను.

పడుకున్నాడు. ఒక నిమిషం కళ్ళు చికిలించాడు. తర్వాత స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నంత పని చేశాడు. "అబ్బా! గేదె! నాకూ కనిపించింది! అమ్మా, చూడు, కొమ్ములు! ఇన్నాళ్ళకి నాకూ ఒకటి కనిపించింది!" అంటూ కిందికి దూకాడు. ఆ దూకుడికి స్ట్రెచర్ చక్రాల మీద గిర్రున తిరిగి గోడకి తగిలింది. నా బతుకు బజారున పడబోతోంది, ఈయన జీవితంలో మొదటి గేదెని చూసిన పసివాడిలా చప్పట్లు కొడుతున్నాడు.

"కొమ్ముల మీద చిలకలు కూడా ఉండి ఉంటాయి," అంది అత్తయ్య.

"మామయ్యా, మీరేమంటారు?"

మామయ్య మోచేతి మీది దూదిని సర్దుకున్నాడు. "ఏమంటాను తల్లీ. నాకు నడుం వంగదు, లేవదు," అని నీళ్ళు నమిలాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని మత్తు డాక్టరుగారు వచ్చేశారు. మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే.

"ఒక ఆపరేషన్ వాయిదా పడింది, ఖాళీ దొరికింది," అన్నారు. "ఈ జనమంతా ఎవరమ్మా?"

"మా ఇంట్లోవాళ్ళు."

"ఓహో, జంతువుల కమిటీ. విన్నాను," అని చెప్పులు విడిచి, తెల్లకోటు సర్దుకుని, స్ట్రెచర్ ఎక్కి వెల్లకిలా పడుకున్నారు.

ఆవిడ కళ్ళు సీలింగు మీద మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాయి. నా గుండె వాటి వెనకే నడిచింది.

"చల్లగా ఉంది," అన్నారు చివరికి. "బాగుంది. ఆ మూల కప్పలా ఏదైనా ఉందా?"

"చిలకండీ," అంది అత్తయ్య ఆగలేక.

"కప్పా కాదు చిలకా కాదు," అన్నాడు మేస్త్రి. "అది కన్నం కోసేటప్పుడు రాలిన పొడి. తుడిచేస్తా."

డాక్టరుగారు నవ్వారు. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు. "అయితే నా చాదస్తం. ఇంకేం లేదు. రేపట్నుంచి వాడుకోవచ్చు."

నాకు అర్థం కాలేదు. గేదె ఏమైంది? అప్పుడు స్ట్రెచర్ చూశాను. మా ఆయన దూకుడికి అది అటుది ఇటు తిరిగిపోయింది. డాక్టరుగారి తల, రోగుల కాళ్ళు ఉండాల్సిన వైపుంది. అటు నుంచి చూస్తే బొమ్మ నేను ఎంచినట్టే నిలువుగా ఉంటుంది. గేదె ఉండదు.

మా ఆయనకీ అర్థమైంది. నా మోచెయ్యి గిల్లాడు. నోరు మూసుకో అని దానర్థం. మేస్త్రి కిటికీ వైపు తిరిగి ఏదో వెతుక్కోసాగాడు. అందరూ ఊరుకున్నారు. నేనూ ఊరుకుంటే పని అయిపోయినట్టే.

కానీ రేపు ఇక్కడ పడుకునేవాళ్ళ తలలు అటు ఉండవు, ఇటు ఉంటాయి. మొసలిని చూసి సూది పీక్కున్నాయన గుర్తొచ్చాడు. రేపు ఎవరో ముసలావిడ కళ్ళు తెరుస్తుంది. పైన గేదె మంద ఉంటుంది. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, నిజం చెప్పాల్సింది కూడా నేనేనా?

"డాక్టరుగారూ," అన్నాను, "ఒకసారి తల ఇటు పెట్టి పడుకోండి."

మా ఆయన గిల్లడం మానేసి కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ లేచారు, తిరిగారు, పడుకున్నారు. ఎంతోసేపు పట్టలేదు.

"గేదె," అన్నారు.

"అవునండీ."

"దాని కొమ్ము మీద ఇంకో గేదె."

"అవునండీ."

ఆవిడ లేచి కూర్చుని చెప్పులు వేసుకున్నారు. నవ్వు పోయింది. "మీరే చెప్పారు కాబట్టి మర్యాదగా మాట్లాడుతున్నా. రేపు రోగుల్ని ఆ చివరి పాత గదిలో పెట్టుకుంటా. ఎల్లుండి ఇక్కడ సున్నం."

"డాక్టరుగారూ, నేను ఎంచినట్టు బిగిస్తే అది కనిపించదు. ఇప్పుడు మీరే చూశారు, ఆ వైపు నుంచి ఏమీ లేదు. ఎవరో కావాలని బాణాలు తిప్పారు."

"ఎవరు?"

మేస్త్రి ఫోను తీసుకుని ఆ ఫొటో ఆవిడకి చూపించాను.

"చూడమ్మా. మీరు తప్పుగా బిగించుకుని బాణాల కథ చెప్తున్నారేమో నాకేం తెలుసు? ప్లాస్టరు ఫొటో చూపిస్తే సరిపోదు. బొమ్మ మంచిదే, ఎవరో పాడుచేశారంటే ఒక దారుంది. కొత్త షీట్లు వేయించడానికి టైమిస్తా. కానీ ఎవరు, ఎందుకు అన్నది నాకు తెలియాలి. రేపు కొత్త షీట్లనీ ఎవరో తిప్పరని నమ్మకమేంటి? చెప్పలేకపోతే సున్నమే." చేతి గడియారం చూసుకున్నారు. "నాకు టైము లేదు."

నేను ఒక్కొక్కరి ముఖమూ చూశాను. అత్తయ్య మోకాలు దాచుకుంది. మా ఆయన నేల చూశాడు. మేస్త్రి నన్నెందుకు చూస్తారన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు.

"మీ మనుషులే మీకు చెప్పడం లేదు," అని డాక్టరుగారు తలుపు మీద చెయ్యి వేశారు.

"నేనే తిప్పాను డాక్టరుగారూ," అన్నాడు మామయ్య.

ఆవిడ ఆగారు. నేను ఆయన కుర్చీ ముందుకి వెళ్ళాను. "మామయ్యా! మీరా! ఏం లేదు, శుభ్రంగా ఉంది అన్నారుగా!" అన్నాను. నా గొంతు కీచుగా వినిపించింది.

"ఆగమ్మాయ్, నన్ను చెప్పనీ. నడిమధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను." కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "నా మంచం ఆ గోడ కిందే ఉంది కదా. మీరందరూ నిలబడి చూశారు. నేను పడుకుని, తల వెనక్కి వాల్చి, తలకిందులుగా చూశా. చూడగానే గేదె. స్టిక్కరు అంటిద్దామనే చెయ్యెత్తాను. నీ ముఖం చూశాను. అప్పటికే కళ్ళు పీక్కుపోయి ఉన్నావు. మళ్ళీ మొదటికి ఎందుకులే, నిలువుగా పెడితే ఎవరికీ కనిపించదు కదా అని ఊరుకున్నా. అక్కడితో ఆగుంటే నా తప్పు సగంతో పోయేది."

"ఆగలేదేం?" అన్నారు డాక్టరుగారు.

"భయమేసింది. ఇదివరకు ఒకసారి నాకు మత్తిచ్చారు, హెర్నియాకి. మెలకువ వచ్చేసరికి పైన తెలుపు, చుట్టూ తెలుపు. నేనెవరో నాకు తెలీలేదు. ఎవరో వచ్చి పేరు చెప్పండి, పేరు చెప్పండి అంటున్నారు. పేరు ఎక్కడిది? వెతికితే లోపల ఏమీ లేదు. ఎంతసేపో తెలీదు. బయటికొచ్చాక ఈవిడకి కూడా చెప్పలేదు. అందరికీ అంతే అని నవ్వుతారని."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది.

"నేను ఎన్ని పశువులకి మత్తిచ్చానో చెప్పలేను డాక్టరుగారూ. లేచేటప్పుడు అవి కళ్ళు ఎలా తిప్పుతాయో నాకు తెలుసు. అందుకని వాటి మనిషిని తల దగ్గర నిలబెట్టేవాణ్ణి. తెలిసిన ముఖం కనిపిస్తే మెల్లగా లేస్తాయి. లేకపోతే తన్నుకుని కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. నా తల దగ్గర ఎవరినైనా ఉంచుతారా అని మీ నర్సమ్మని అడిగాను. లోపలికి ఎవరినీ రానివ్వం, రూలు అంది."

"నా ముఖం ఉండదని గేదె ముఖం పెట్టుకున్నారా?" అంది అత్తయ్య. కోపంగానే అంది, కానీ వచ్చి ఆయన కుర్చీ పక్కనే నిలబడింది.

"నీ ముఖం ఆ బొమ్మలో రాలేదే. వచ్చుంటే దాన్నే తిప్పేవాణ్ణి." ఆయన మళ్ళీ డాక్టరుగారి వైపు చూశాడు. "నా పేరు మర్చిపోయినా గేదెని గుర్తుపడతాను. అది గేదె అని తెలిస్తే నేను పశువుల డాక్టర్నని తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే గుర్తొస్తుందని అనుకున్నా. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద కూర్చుని ఆ టేపులన్నీ మార్చాను. మళ్ళీ మంచం ఎక్కడానికి ప్రాణం పోయినంత పనైంది. పక్క మంచం మీద పడుకునేవాడికి గేదెలంటే భయమేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా ఒక్కడి గురించే అనుకున్నా. అది తప్పు. పశువుల డాక్టరుగా కూడా తప్పే. అమ్మాయి లెక్క తప్పలేదు, మేస్త్రి చెయ్యి తప్పలేదు. దీన్ని ఊడదీయించండి, ఆ పిల్లకి కొత్త షీట్లు వేసుకునే టైమివ్వండి. నన్ను మీరు ఏ సీలింగు కింద పడుకోబెట్టినా పడుకుంటాను. భయం మాత్రం పోలేదు డాక్టరుగారూ. ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను."